వంపుకి టాలరెన్స్: ఎంత అనేకంటే ముందు, ఎక్కడి నుంచి?

వంపు తలాల టాలరెన్సుల (కొలత ఎంత వరకు తేడా పడవచ్చో చెప్పే హద్దుల) మీద పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈసారి జవాబులు. కొలతలన్నీ మిల్లీమీటర్లలోనే. ప్రొఫైల్ అన్న ప్రతిచోటా తలం ప్రొఫైల్ అనే అర్థం, అంటే అసలు తలం ఆదర్శ తలానికి ఎంత దగ్గరగా ఉండాలో చెప్పే టాలరెన్స్. డ్రాయింగులో దాని గుర్తు అడుగు గీతతో మూసిన అర్ధవృత్తం. అడుగు గీత లేకపోతే అది గీత ప్రొఫైల్, ఒక్కో కోత దగ్గర విడివిడిగా చూసేది.

ప్రశ్న: మేం చేసే అల్యూమినియం బ్రాకెట్ అంచున ఒక వంపు ఉంది. రేడియస్ 50. ఈ చివర నుంచి ఆ చివరకు మాత్రం 10 మి.మీ. మించదు. డ్రాయింగులో 50 ±0.1 అని ఉంది. మా దగ్గర 49.2 వచ్చిన జాబే (తయారైన భాగం) పార్టీ (కస్టమర్) దగ్గర 51 చూపిస్తోంది. తప్పు ఎవరి మిషన్‌ది?
— బాలానగర్, హైదరాబాద్

జవాబు: రెండు మిషన్లదీ కాదు, డ్రాయింగుదే తప్పు. వంపు రెండు చివరలనీ కలుపుతూ ఒక తిన్నని గీత ఊహించుకోండి. ఆ గీత నడుమ నుంచి వంపు ఎంత ఎత్తు లేస్తుంది? రేడియస్ సరిగ్గా 50 అయితే 0.2506. 50.1 అయితే 0.2501. తేడా అర మైక్రాన్ (మి.మీ.లో వెయ్యో వంతు ఒక మైక్రాన్), తల వెంట్రుక మందంలో వందో వంతు. ±0.1 అని రాసినవారు తమకు తెలియకుండానే ఎత్తులో అర మైక్రాన్ పట్టుకోమని అడిగారు. తిరగేసి చూస్తే ఇంకా స్పష్టంగా ఉంటుంది: ఎత్తులో 5 మైక్రాన్లు తేడా పడితే చాలు, రేడియస్ ఒక మి.మీ. దాకా మారిపోతుంది. 5 మైక్రాన్లు అంటే కట్టర్ వదిలిన సన్నని చార, సరిగా తుడవని కూలెంట్ పొర. మీకు 49.2, పార్టీకి 51 రావడంలో ఆశ్చర్యం లేదు.

ఈ వంపు పూర్తి వృత్తంలో పదకొండున్నర డిగ్రీలే. ఇంత చిన్న ముక్కను చూసి వృత్తం ఎంతదో చెప్పమనడం న్యాయం కాదు. అసలు ఆ బ్రాకెట్‌కి కావలసింది రేడియస్సా? సాధారణంగా కాదు. ఆ తలం పక్క భాగానికి తగలకుండా, అనుకున్న చోట ఉండాలి, అంతే. దానికి పని చేసేది ప్రొఫైల్.

మార్చాల్సింది ఇలా. 50 ని పెట్టెలో పెట్టండి. పెట్టెలో ఉన్న కొలతకు టాలరెన్స్ ఉండదు, అది ఆదర్శ ఆకారాన్ని చెబుతుంది. వంపు కేంద్రం డేటమ్‌ల (కొలతలు మొదలయ్యే ఆధార తలాలు, రంధ్రాల) నుంచి ఎంత దూరమో ఆ రెండు కొలతల్నీ కూడా పెట్టెలో పెట్టండి. చాలామంది మరిచిపోయేది ఇదే. రేడియస్‌కి పెట్టె కడతారు, కేంద్రం దూరానికి మాత్రం పాత ±0.1 అలాగే ఉంచేస్తారు. అప్పుడు ప్రొఫైల్ హద్దులు ఎక్కడ నిలబడాలో ఎవరికీ తెలియదు. చివరగా ప్రొఫైల్ 0.1, డేటమ్‌లు ఏ, బీ, సీ. 0.1 వ్యాసం ఉన్న ఒక చిన్న గోళీని, దాని కేంద్రం ఆదర్శ తలం మీదే ఉండేలా, ఆ తలమంతా దొర్లించారనుకోండి. ఆ గోళీ లోపలి వైపు గీసే హద్దుకీ బయటి వైపు గీసే హద్దుకీ మధ్య మీ అసలు తలం ఉండాలి. అంటే ఇటు 0.05, అటు 0.05, ప్రతి బిందువు దగ్గరా తలానికి లంబంగా.

ఒక జాగ్రత్త. 0.1 ప్రొఫైల్‌లో ఇమిడే వంపు రేడియస్ ఈ జాబ్‌లో 36 నుంచి 83 దాకా ఎంతైనా కావచ్చు. చోటు సరే, వంపు తీరు కూడా ముఖ్యమైతే (ఆ తలం మీద రబ్బరు సీల్ కూర్చునే చోట ముఖ్యమే) డేటమ్‌లు లేకుండా రెండో ప్రొఫైల్ 0.02 ఇవ్వండి. ఏఎస్ఎంఈ వై14.5 (అమెరికా డ్రాయింగు ప్రమాణం) పద్ధతిలో ఒకే గుర్తు పక్కన రెండు వరుసలుగా రాస్తారు: పై వరుస చోటు చూసుకుంటుంది, కింది వరుస ఆకారం చూసుకుంటుంది. ఐఎస్ఓ 1101 (అంతర్జాతీయ ప్రమాణం) ప్రకారం గీసే డ్రాయింగులో రెండు విడి చట్రాలుగా (గుర్తు, అంకె, డేటమ్‌లు రాసే గళ్లుగా) ఇస్తే చాలు. 0.02 పెట్టినా రేడియస్ 46 నుంచి 54 దాకా తిరగగలదు. ఆ సంగతి పార్టీకి ముందే చెప్పండి, ఇక రేడియస్ కొలత అడగరు.

ప్రశ్న: ప్రొఫైల్ వాడాలని అర్థమైంది. అంకె ఎలా నిర్ణయించాలి? మా డిజైన్ ఆఫీసులో పాత డ్రాయింగు చూసి 0.2 అని కాపీ చేస్తున్నాం.
— డిజైన్ ట్రైనీ, చర్లపల్లి

జవాబు: అంకె రెండు భాగాలు కలిసే చోట పుడుతుంది. ఒక హెడ్‌ల్యాంప్ లెన్సు, దాని చుట్టూ వచ్చే బెజెల్ తీసుకుందాం. రెండింటి మధ్య వంపు వెంబడి 0.8 సందు ఉండాలని స్టైలింగ్ వాళ్లు ఇచ్చారు. 0.3 కంటే తగ్గితే బండి ఊగుడుకి రాపిడి. 1.3 దాటితే కంటికి కనిపిస్తుంది. అంటే ఇటు 0.5, అటు 0.5 మన చేతిలో ఉంది. అదంతా ప్రొఫైల్‌కి ఇచ్చేయకూడదు. ముందు తప్పనిసరి ఖర్చులు తీసేయాలి.

లెన్సు, బెజెల్ రెండూ వెనక బ్రాకెట్ మీది పిన్నుల్లో కూర్చుంటాయి. ప్రతి పిన్నుకీ దాని రంధ్రానికీ గరిష్ఠంగా 0.1 ఖాళీ ఉంటే ఒక్కో భాగం 0.05 జరుగుతుంది. బ్రాకెట్ మీద రెండు పిన్నుల చోటులో మరో 0.05. మొత్తం 0.15 పోయింది. మిగిలింది 0.35. ఇది లెన్సు తలం లోపం, బెజెల్ తలం లోపం రెండూ పంచుకోవాలి. చెరి సగం వేస్తే ఒక్కొక్కటి 0.175 మాత్రమే జరగవచ్చు.

ఇక్కడే ఎక్కువమంది తడబడతారు. 0.175 ని తీసుకెళ్లి ప్రొఫైల్ 0.175 అని రాసేస్తారు. చట్రంలో రాసే అంకె మొత్తం వెడల్పు, సగం కాదు. కాబట్టి రాయాల్సింది ప్రొఫైల్ 0.35. సగం అంకె రాస్తే ఉత్పత్తి వాళ్ల మీద ఊరికే రెట్టింపు భారం పడుతుంది. ఇంకో తప్పు దీనికి ఎదురు: ±0.35 అనుకుని మోల్డు చేస్తే సందు మూసుకుపోతుంది. సమానంగానే పంచాలనీ లేదు. మెరుపు పోకుండా చల్లార్చాల్సిన లెన్సుకి 0.4, బెజెల్‌కి 0.3 ఇచ్చినా మొత్తం అంతే.

అంకె కన్నా పెద్ద నిర్ణయం డేటమ్‌లు. అమర్చినప్పుడు భాగం దేనిమీద కూర్చుంటుందో అవే డేటమ్‌లు కావాలి: కూర్చునే ముఖం ఏ, మొదటి పిన్ను రంధ్రం బీ, రెండోది సీ. వైస్‌లో పట్టుకోవడానికి వీలుగా ఉంది కదా అని పక్క అంచుని డేటమ్ చేస్తే ఆ అంచుకీ పిన్ను రంధ్రాలకీ మధ్య ఉన్న లోపం కూడా మీ సందులోకి వచ్చి చేరుతుంది. పైన చేసిన లెక్కలో దానికి చోటే లేదు.

ప్రశ్న: టైటిల్ బ్లాకులో (డ్రాయింగు మూలన వివరాలు రాసే పెట్టెలో) ఐఎస్ఓ 2768-ఎం అని రాసి ఉంది. టాలరెన్స్ ఇవ్వని వంపులకి అది సరిపోదా?
— ఆటోనగర్, విజయవాడ

జవాబు: సరిపోదు. ఆ ప్రమాణం మొదటి భాగంలో బయటి రేడియస్సులకు ఒక పట్టిక ఉంది. ఎం (మధ్యస్థ) తరగతిలో 3 దాటి 6 వరకు ±0.5, 6 దాటిన దేనికైనా ±1. అది మూలలు కొట్టేసే రేడియస్సులకు ఉద్దేశించింది. పైగా వంపు ఎక్కడ ఉండాలో అది ఏమీ చెప్పదు. ఆకారాల సంగతి చూసే రెండో భాగం, 2768-2, 2021లో రద్దయింది. దాని స్థానంలో ఐఎస్ఓ 22081 వచ్చింది. అందులో దారి సూటిగా ఉంది: ప్రత్యేకంగా ఏమీ రాయని తలాలన్నిటికీ, ఏ, బీ, సీ డేటమ్‌ల నుంచి, ఒక సాధారణ ప్రొఫైల్ విలువ. క్యాడ్ మోడల్‌లోని కొలతలే ఆదర్శ కొలతలు అని పక్కన ఒక నోట్ పెట్టాలి.

ఇలా చుట్టూ వర్తించే ప్రొఫైల్ ఇచ్చినప్పుడు పదునైన మూలల్ని ఒకసారి చూసుకోండి. 0.4 ప్రొఫైల్ కింద, పదునుగా గీసిన 90 డిగ్రీల బయటి మూలను సుమారు 1.36 రేడియస్ దాకా గుండ్రంగా చేసినా ఏఎస్ఎంఈ లెక్కలో జాబ్ పాసవుతుంది. మూల పదునుగా కావాలంటే రేడియస్ గరిష్ఠం 0.3 అని విడిగా రాయాల్సిందే.

ప్రశ్న: ప్రొఫైల్ 0.2, డేటమ్‌లు ఏ, బీ, సీ. మా సీఎంఎం (ప్రోబ్‌తో తాకి పాయింట్లు కొలిచే మిషన్) రిపోర్టులో 0.14 వచ్చింది, పాస్. పార్టీ సీఎంఎం 0.24 అని రిజెక్ట్ చేసింది. పాయింట్లు చూస్తే ఇద్దరికీ ఒకేలా ఉన్నాయి: కనిష్ఠం –0.02, గరిష్ఠం +0.12. ఎవరిది సరి?
— క్వాలిటీ ఇంజనీర్, గాజువాక

జవాబు: పార్టీది సరి. డేటమ్‌లు ఇచ్చిన ప్రొఫైల్‌లో హద్దులు కదలవు. 0.2 అంటే ఆదర్శ తలానికి ఇటు 0.1, అటు 0.1. +0.12 పాయింటు హద్దు దాటింది, అక్కడితో తీర్పు అయిపోయింది. 0.24 ఎలా వచ్చిందంటే అతి పెద్ద లోపం 0.12 ని రెండింతలు చేశారు. ఆ పాయింటుని లోపల పెట్టుకోవాలంటే హద్దు ఎంత వెడల్పు కావాలో అది చెబుతుంది. మీ సాఫ్ట్‌వేర్ గరిష్ఠం లోంచి కనిష్ఠం తీసేసి 0.14 ఇచ్చింది. హద్దులు స్వేచ్ఛగా జరిగే చోట, అంటే డేటమ్ లేని ప్రొఫైల్‌లో, అలాంటి వెడల్పుకి అర్థం ఉంటుంది. ఇక్కడ లేదు.

సాఫ్ట్‌వేర్‌లో రెండు సెట్టింగులు చూడండి. ఒకటి, అలైన్‌మెంట్ ఏ, బీ, సీ నుంచి కట్టారా, లేక బెస్ట్ ఫిట్ ఆన్ అయి ఉందా. బెస్ట్ ఫిట్ పెడితే మోడల్‌ని తెచ్చి జాబ్ మీద వీలైనంత బాగా పరుస్తుంది. తలం మొత్తం 0.15 పక్కకు జరిగి ఉన్నా రంగుల మ్యాప్ పచ్చగానే కనిపిస్తుంది. ఆ జాబ్‌ని అసెంబ్లీకి తీసుకెళ్తే పక్క భాగంతో 0.15 మెట్టు తేలుతుంది. రెండు, రిపోర్టులో ఒక్క అంకె కాకుండా కనిష్ఠం, గరిష్ఠం రెండూ ప్రింట్ అయ్యేలా పెట్టండి.

ఆ రెండు అంకెలు ఎందుకంత విలువైనవో మీ జాబే చెబుతోంది. –0.02, +0.12 అంటే నడిమి విలువ +0.05. తలమంతా 0.05 మెటల్ ఎక్కువగా మిగిలింది. ఆకారం బాగానే వచ్చింది. ఫినిషింగ్ పాస్‌లో వదిలే మెటల్‌ని 0.05 తగ్గించి మళ్లీ నడిపితే లోపాలు –0.07, +0.07 కి వస్తాయి, జాబ్ హాయిగా పాసవుతుంది. ఒక్క 0.24 అంకె చూసి ఈ సంగతి తెలియదు. జాబ్ స్క్రాప్‌లోకి వెళ్లిపోతుంది.

ప్రోబ్ దిశని కూడా అనుమానించండి. వంపు మీద ప్రోబ్ తలానికి లంబంగా తాకాలి. 4 వ్యాసం గోళం ఉన్న ప్రోబ్ 10 డిగ్రీలు పక్కకు వాలిన దిశలో తాకి, సాఫ్ట్‌వేర్ గోళం రేడియస్‌ని కూడా అదే దిశలో తీసేస్తే 0.03 లోపం కొలతలోనే పుడుతుంది. ఎప్పుడూ మెటల్ ఎక్కువ ఉన్నట్టే చూపిస్తుంది. మోడల్ లోంచి లంబ దిశలు తీసుకునే ప్రోగ్రాం అయితే ఈ బాధ ఉండదు. జాయ్‌స్టిక్‌తో చేత్తో కొట్టిన పాయింట్లలో తప్పకుండా ఉంటుంది.

ప్రశ్న: మోల్డ్ కోర్ (అచ్చులో ఉబ్బెత్తు భాగం) మీద మెటల్ ఎక్కువ ఉన్నా ఫరవాలేదు, తర్వాత తీసుకోవచ్చు. తక్కువ కాకూడదు. 0.1 మొత్తం ప్లస్ వైపే కావాలంటే ఎలా రాయాలి?
— టూల్ రూమ్, జీడిమెట్ల

జవాబు: ఏ పద్ధతిలో గీస్తున్నారో ముందు తేల్చుకోండి, ఎందుకంటే రెండు పద్ధతుల్లో అంకె వేరు. ఏఎస్ఎంఈలో 0.1, దాని పక్కన వృత్తంలో యూ, ఆ తర్వాత 0.1. యూ తర్వాతి అంకె మెటల్ నుంచి బయటికి ఎంత వదలవచ్చో చెబుతుంది. అన్నీ బయటికే కాబట్టి 0.1. ఐఎస్ఓలో 0.1 యూజెడ్ +0.05. ఇక్కడ యూజెడ్ తర్వాతి అంకె హద్దుల నడిమి తలం ఎంత జరిగిందో చెబుతుంది. 0 కీ 0.1 కీ నడుమ 0.05. ఇద్దరూ చెప్పేది ఒకటే హద్దు. కానీ ఏఎస్ఎంఈ అంకెని అలాగే యూజెడ్ పక్కన +0.1 అని దించేస్తే హద్దు +0.05 నుంచి +0.15 కి వెళ్లిపోతుంది. ఆదర్శ కొలతకి సరిగ్గా చేసిన కోర్ కూడా రిజెక్ట్. విదేశీ డ్రాయింగుల్ని తిరగరాసే ఆఫీసుల్లో ఇది తరచూ జరిగే పొరపాటు.

బయటికి అంటే ఎప్పుడూ స్టీలు నుంచి గాలిలోకి. కోర్ అయినా కేవిటీ (అచ్చు గుంట) అయినా అంతే. మిషన్ మీద కూర్చునే వారికి ఒక మాట చెప్పడం మరవకండి: ప్రోగ్రాం మోడల్ నుంచే నడుస్తుంది, మోడల్ మాత్రం హద్దు అడుగున ఉంది. ఫినిషింగ్‌లో 0.05 మెటల్ వదిలి నడిమికి గురి పెట్టాలి. లేకపోతే సగం పాయింట్లు మైనస్‌లోకి దిగుతాయి.

ప్రశ్న: ప్రొఫైల్ 0.05 ఉన్న వంపుని 10 వ్యాసం బాల్‌నోస్‌తో (గుండ్రని కొన ఉన్న కట్టర్‌తో) చేస్తున్నాం. స్టెప్ ఓవర్ (పక్కపక్క పాస్‌ల మధ్య దూరం) ఎంత పెట్టాలి?
— సీఎన్‌సీ ప్రోగ్రామర్, హోసూరు

జవాబు: రెండు పాస్‌ల మధ్య మిగిలే గట్టు ఎత్తుకి లెక్క సులువు: స్టెప్ ఓవర్‌ని దానితోనే గుణించి, కట్టర్ రేడియస్‌కి 8 రెట్లతో భాగించండి. స్టెప్ ఓవర్ 1 అయితే 1 ని 40 తో భాగిస్తే 0.025. మీ హద్దులో ఒక వైపు ఉన్న 0.025 మొత్తం గట్లకే అయిపోయింది. 0.5 అయితే 0.00625. దీనికి క్యామ్ (కట్టర్ దారి లెక్కించే సాఫ్ట్‌వేర్) టాలరెన్స్ 0.005 కలిపినా 0.01125 కి మించదు. గట్లూ క్యామ్ లోపమూ కలిసి మొత్తం హద్దులో నాలుగో వంతు దాటకుండా చూసుకుంటే కట్టర్ అరుగుదలకీ, వేడికీ, సీఎంఎం లోపానికీ చోటు మిగులుతుంది.

ఈ లెక్క సమతల భాగానికే. పైనుంచి చూసి 0.5 అని పెట్టిన స్టెప్ ఓవర్, 60 డిగ్రీలు వాలిన చోట తలం వెంబడి 1.0 అవుతుంది. గట్టు ఒక్కసారిగా నాలుగింతలు. వంపు అంచుల్లోనే రిజెక్షన్ వస్తోందంటే మొదట అనుమానించాల్సింది ఇదే. తలం వెంబడి సమాన దూరం పెట్టే పాస్‌కి మారండి.

ప్రశ్న: 600 పొడవు, 2.5 మందం ఉన్న ఏబీఎస్ ప్లాస్టిక్ కవర్. బల్ల మీద పెడితే 3 మి.మీ. లేచి ఉంటుంది. స్క్రూలు బిగిస్తే చక్కగా కూర్చుంటుంది. ప్రొఫైల్ 0.8 లో ఎప్పుడూ ఫెయిలే.
— మేడ్చల్

జవాబు: ఏమీ రాయకపోతే కొలత స్వేచ్ఛా స్థితిలోనే తీయాలి. ఇన్‌స్పెక్టర్ రిజెక్ట్ చేయడం సరైనదే. డ్రాయింగులో బిగింపు స్థితి రాయండి: ఏ బాస్‌లు (స్క్రూలు దిగే దిమ్మెలు) డేటమ్ టార్గెట్లో (డేటమ్‌గా ఆనే చోట్లో), ఎన్ని స్క్రూలు, ఏ వరసలో, ఎంత టార్క్‌తో బిగించాలో. ఐఎస్ఓ అయితే టైటిల్ బ్లాకు దగ్గర ఐఎస్ఓ 10579-ఎన్ఆర్ (గట్టిగా ఉండక వంగే భాగం అని) ఉండాలి. బిగించాక 0.8, విడిగా ఉన్నప్పుడు 4 అని రెండు ప్రొఫైల్‌లు ఇవ్వడం మంచిది. రెండోదాని పక్కన వృత్తంలో ఎఫ్ (స్వేచ్ఛా స్థితి గుర్తు). ఆ 4 లేకపోతే 10 మి.మీ. వంకర తిరిగిన కవర్‌ని కూడా బలవంతంగా బిగించి పాస్ చేస్తారు, ఎండలో కొన్నాళ్లకు బాస్‌లు పగులుతాయి. డేటమ్ ఏ కి అడుగు తలం మొత్తం ఇవ్వకండి. వంకర ఉన్న తలం ప్రతిసారీ ఒక్కో చోట ఆనుతుంది.

ప్రశ్న: షాఫ్ట్ కూడా వంపు తలమే కదా. దానికీ ప్రొఫైలే ఇచ్చి, వృత్తంలో ఎం పెట్టి బోనస్ (సైజుని బట్టి దొరికే అదనపు టాలరెన్స్) తీసుకోవచ్చా?
— డిప్లొమా విద్యార్థి, కాకినాడ

జవాబు: తలం ప్రొఫైల్ విలువ పక్కన వృత్తంలో ఎం పెట్టకూడదు. అది తలాన్ని పట్టుకునే టాలరెన్స్, సైజుని కాదు. ఎం పెట్టగలిగేది ఆ చట్రంలోని డేటమ్‌కి మాత్రమే, అదీ ఆ డేటమ్ రంధ్రం లాంటి సైజు ఉన్న ఫీచర్ అయితేనే.

షాఫ్ట్‌ని వెర్నియర్ దవడల మధ్య ఎదురెదురుగా పట్టుకోవచ్చు. అలా పట్టు దొరికే తలానికి వ్యాసం, దాని హద్దులు, అవసరమైతే సిలిండ్రిసిటీ (స్తంభాకారం ఎంత సరిగా ఉందో), రనౌట్ (తిప్పినప్పుడు ఎంత ఊగుతుందో) ఇవ్వండి. బేరింగ్ కూర్చునే చోట కే6 (షాఫ్ట్ వ్యాసం హద్దుల గుర్తు) లాంటి ఫిట్ కావాలి, దాన్ని మైక్రోమీటర్‌తో పది సెకన్లలో చూసుకోవచ్చు. ప్రొఫైల్ ఇస్తే ప్రతి షాఫ్ట్ సీఎంఎం దాకా నడవాలి. దవడలకు పట్టు దొరకని వంపులకే ప్రొఫైల్ ఉంచుకోండి: చిన్న ఆర్కులు, క్యామ్ (తిరుగుతూ పక్క భాగాన్ని కదిలించే అసమ చక్రం) ముఖాలు, టర్బైన్ బ్లేడ్లు, కోన్ ముఖాలు.